నైరూప్య ఫొటో మీద అభిప్రాయం చెప్పమంటే ఏం చెప్పాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. తిరుపతిలో మీ ఫొటో మిత్రులు నెలకోసారి కలుస్తారు. ఈసారి అంశం నైరూప్య (అబ్‌స్ట్రాక్ట్) ఫొటోగ్రఫీ, అంటే వస్తువు కన్నా గీతలు, ఆకారాలు, రంగులే ముఖ్యమైన ఫొటోలు; అభిప్రాయం చెప్పే వంతు మీది. శేషాచలం మీద సూర్యోదయమో, పెళ్లి ఫొటోనో అయితే మాట్లాడగలను గానీ తుప్పు మరకలు, నీటి మీద నూనె తెట్టు, సాగిపోయిన దీపాల గీతలు చూపించి చెప్పమంటే నోరు పెగలడం లేదంటున్నారు. “బాగుంది” అంటే ఎవరికీ ఆనడం లేదు. కిందటిసారి “ఇది ఏమిటి?” అని అడిగితే ఒకాయన నొచ్చుకున్నారు. వచ్చేవారిలో మీకు చదువు చెప్పిన మాస్టారు కూడా ఉన్నారు. పైగా ఫొటోలన్నీ ముందు ఫోనుకే వస్తాయి.

నా జవాబు ముందే చెప్పేస్తాను. తీర్పు సంగతి పక్కన పెట్టి, ఆ ఫొటోలో మీ కన్ను ఏం చేసిందో వరసగా చెప్పండి. ఎక్కడ మొదలైంది, ఎటు నడిచింది, ఎక్కడ నిలిచింది, ఎక్కడి నుంచి బయటికి జారిపోయింది. తీసినవారికి తెలియనిది అదొక్కటే. తాను తీసిన ఫొటోను మొదటిసారి చూసే అవకాశం ఆయనకు లేదు. ఎండలో ఎంతసేపు నిలబడ్డారో, ఏ గోడ ఎక్కారో, పక్కన ఏముందో అన్నీ ఆయన బుర్రలో ఉన్నాయి; ఫొటో చూసినప్పుడల్లా అవి కూడా కలిసి కనిపిస్తాయి. మీకు అవేవీ లేవు. ఆ కొత్త చూపు విలువైనది, ఒక్కసారికే దక్కేది. అందుకే ఫొటో చేతికి రాగానే నోరు తెరవకండి. కాస్త సేపు ఊరికే చూడండి, మొదట కన్ను పడిన చోటును గుర్తుపెట్టుకోండి. పక్కవారు మాట్లాడాక ఆ మొదటి చూపు ఇక తిరిగి రాదు.

మామూలు ఫొటోలో వస్తువు మనకు ఊతం ఇస్తుంది. ముఖం మీద వెలుగు చాలలేదు, గోపురం పక్కకు వాలింది, పక్షి కంటి మీద ఫోకస్ లేదు అని చెప్పుకుపోవచ్చు. నైరూప్య ఫొటోలో వస్తువు పేరు తెలియదు, తెలిసినా దానితో పనిలేదు. మిగిలేవి గీత, ఆకారం, రంగు, వెలుగునీడల బరువు, గరుకుదనం నునుపుదనం, ఖాళీ జాగా, నాలుగు అంచులు. మాట్లాడవలసింది వీటి గురించే. మన ఇళ్లలో ఇది తెలియని విద్య కాదు. ధనుర్మాసంలో వాకిట్లో మెలికల ముగ్గు చూసి “ఇది ఏమిటి?” అని ఎవరూ అడగరు. “ఈ మెలిక దగ్గర చెయ్యి తడబడింది”, “చుక్కలు ఈ పక్క ఒత్తుగా పడ్డాయి”, “మధ్యలో ఇంత ఖాళీ వదలడం బాగుంది” అంటారు. ముగ్గు వేసిన ఆవిడకు అందులో ప్రతి మాటా మరుసటి రోజుకు పనికొస్తుంది. ఫొటో విషయంలోనూ మీ నుంచి కావలసింది అలాంటి మాటే.

ఇది నిన్నమొన్న పుట్టిన వింత అనుకునేవారు మీ బృందంలో ఎవరైనా ఉంటే నాలుగు సంగతులు చెప్పండి. ఫొటోగ్రాఫర్ పాల్ స్ట్రాండ్ 1916లోనే అమెరికాలో ఒక వరండా కమ్మీల నీడలను ఫొటో తీసి, అందులో వరండా కన్నా నీడల కోణాలే ముందు కనిపించేలా చేశారు. ఆ మరుసటి ఏడాదికల్లా ఆల్విన్ లాంగ్‌డన్ కోబర్న్ అద్దాల మధ్య నుంచి తీసి, వస్తువు గుర్తుపట్టడానికి వీల్లేని ఫొటోలు తయారుచేశారు. ఇంకో ఫొటోగ్రాఫర్ ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1922 నుంచి మబ్బులను ఫొటోలు తీస్తూ వాటి వెంటపడ్డారు. మన దేశంలో నస్రీన్ మొహమ్మదీ ఉన్నారు. 1937లో పుట్టి 1990లో పోయారు, బరోడాలో చిత్రకళ నేర్పారు. ఫతేపూర్ సిక్రీ రాతి నేల, సముద్రపు ఒడ్డున నీటి గీతలు, మగ్గం మీద దారాలు ఆమె కెమెరాలో దాదాపు గీతలుగానే మిగిలాయి. బతికుండగా ఆ ఫొటోలను ఆమె ప్రదర్శనకు పెట్టలేదు. సొంత చూపును పరీక్షించుకోవడానికి తీసుకున్నారని నాకు అనిపిస్తుంది. మీ మిత్రుల్లో కూడా కొందరు అందుకే తీస్తూ ఉండవచ్చు, వారికి మెప్పు కన్నా పరీక్షే అవసరం.

ఇక అసలు పనికి వద్దాం. ఒక ఫొటో ఊహించుకోండి. రేణిగుంట వైపు తీసిన పాత గూడ్స్ వ్యాగన్ పక్క పలక, దగ్గరగా. ముదురు గోధుమ రంగు పెచ్చులు లేచి, కింద నారింజ రంగు తుప్పు బయటపడింది. ఒక అడ్డ వరసలో రివెట్లు. ఎడమ అంచున తెల్ల పెయింటుతో రాసిన అంకె ఒకటి సగం తెగి ఉంది. కుడి పై మూలలో ఎండ నేరుగా పడి చిన్న మెరుపు.

దీని మీద సాధారణంగా వచ్చే మాటలు: “సూపర్ టెక్స్‌చర్ అన్నా”, “కంపోజిషన్ ఇంకొంచెం చూసుకోవాలి”, “కాలం చేసిన గాయాలు!” మొదటిదానితో తీసినవారికి సంతోషం కలుగుతుంది, అంతకుమించి ఏమీ అందదు. రెండోది వింటే ఆయన తల ఊపుతారు గానీ, ఏం చూసుకోవాలో తెలియక ఇంటికి వెళతారు. మూడోది చెప్పినవారి కవిత్వం, ఫొటోతో దానికి సంబంధం తక్కువ.

అదే ఫొటో మీద నేనైతే ఇలా చెబుతాను: “నా కన్ను ముందు కుడి పై మూలలోని మెరుపు మీద పడింది. అక్కడి నుంచి తుప్పు ధార వెంట కిందికి దిగాను, ఆ దారి నాకు చాలా నచ్చింది. రివెట్ల దగ్గర కాసేపు ఆగాను, ఎందుకంటే ఆ వరసలో ఒక్క రివెట్టు లేదు, అక్కడ చిన్న నల్ల గుంట ఉంది. తర్వాత ఎడమ అంచున ఉన్న అంకెను చదవబోయాను. ఆరా, ఎనిమిదా అని ఆలోచిస్తూ ఫొటోలోంచి బయటికి వచ్చేశాను. మళ్లీ లోపలికి వెళ్లలేదు.”

ఇందులో పొగడ్త ఉంది, లోపం ఉంది, కానీ రెండూ ముద్ర వేసినట్టు లేవు. ఆ అంకె కావాలనే ఉంచారా, కంటికి ఆనలేదా అన్నది ఇక ఆయన తేల్చుకుంటారు. రివెట్టు లేని గుంట దగ్గరే అసలు ఫొటో ఉందని బహుశా అప్పుడే తడుతుంది. “నాకు నచ్చింది” అనే మాట పక్కన “ఫలానా చోట” అని చేరితే చాలు, అభిప్రాయానికి పట్టు దొరుకుతుంది. మీకు వేరే ఏదీ గుర్తుండకపోయినా సరే, ప్రతి వాక్యంలో ఒక చోటు పేరు ఉండేలా చూసుకోండి: పై అంచు, కుడి మూల, ఆ నీలం మరకకు కింద.

అక్షరాలు, అంకెలు, ముఖాల్లాంటి ఆకారాలు ఫొటోలో ఎంత చిన్నగా ఉన్నా కంటిని లాగేస్తాయి. చదవగలిగినదాన్ని చదవకుండా ఉండడం మన వల్ల కాదు. లారీ వెనుక పలక, చిరిగిన సినిమా పోస్టరు, గోడ మీద ప్రకటన, ఇలాంటివి తీసేవారికి ఇది తప్పకుండా చెప్పవలసిన సంగతి. ఇక మన ఊరికే ప్రత్యేకమైనది ఇంకొకటి ఉంది. తిరుపతిలో రెండు తెల్లటి నిలువు చారల మధ్య ఒక ఎర్ర చార కనిపిస్తే అది నామమే! తుప్పు కావచ్చు, కారిన పెయింటు కావచ్చు, గదిలో ఉన్న పదిమందిలో తొమ్మిదిమంది “గోవిందా” అనుకుంటారు. ఆ తర్వాత ఆ ఫొటోలో ఇంకేదీ కనిపించదు. తీసినవారికి ఆ ఉద్దేశం ఉంటే సరే, లేకపోతే అది ఆయన ఫొటోను మింగేసిందని చెప్పాలి. “ఇక్కడివారు దీన్ని నామంగా చదువుతారు, అది మీకు కావాలా?” అని అడగండి. హైదరాబాదులోనో, ఢిల్లీలోనో ఇదే ఫొటోను వేరుగా చూస్తారు. చూసేవారు ఎవరన్నది కూడా అభిప్రాయంలో భాగమే.

కన్ను నడిచిన దారిని చెప్పాక, ఇంకాస్త లోతుకు వెళ్లాలంటే కొన్ని పాత పద్ధతులు ఉన్నాయి. కళ్లు సగం మూసి చూడండి. చిన్న చిన్న వివరాలు పోయి పెద్ద ముదురు ముద్దలు, లేత ముద్దలు మాత్రమే మిగులుతాయి. అప్పుడు కూడా ఫొటో నిలబడితే దాని ఎముకలు గట్టివి. అంతా ఒకే బూడిద రంగుగా కలిసిపోతే గరుకుదనం మీదే బతుకుతున్న ఫొటో అది. మీటింగుకు ప్రింట్లు వస్తే ఎల్ ఆకారంలో కత్తిరించిన రెండు నల్ల అట్ట ముక్కలు తీసుకెళ్లండి. వాటిని ప్రింటు మీద ఎదురెదురుగా పెట్టి ఇటూ అటూ జరుపుతుంటే ఎక్కడ కోస్తే బాగుంటుందో కళ్లముందే కనిపిస్తుంది. ఫిల్ము రోజుల్లో స్టూడియోల్లో ఇదే వాడేవాళ్లం. “ఎడమవైపు కోసేయండి” అని నోటితో చెబితే వాదన మొదలవుతుంది, అట్ట ముక్క జరిపి చూపిస్తే ఆయనే “ఇంకొంచెం” అంటారు.

తలకిందులు చేసి చూడడం అన్నింటికన్నా నాకు ఇష్టమైన పరీక్ష. దీని వెనుక ఒక కారణం ఉంది. వెలుగు పైనుంచే వస్తుందని మన మెదడు తనంతట తానే అనుకుంటుంది. అందుకే గుంటలు పడిన రాతి ఫొటోను తిప్పి పట్టుకుంటే గుంటలు కాస్తా బొడిపెలుగా మారిపోతాయి. చంద్రుడి మీది గుంతల ఫొటోలతో మీరే ప్రయత్నించి చూడవచ్చు. తిరుమల ఘాట్ రోడ్డు పక్క రాతి పొరలను ఎవరో ఉదయపు ఏటవాలు ఎండలో తీసుకొచ్చారనుకోండి. తిప్పితే కొండ లోపలికి పోయి లోయ బయటికి వస్తుంది. ఏది బలంగా ఉంది? ఏది గందరగోళంగా ఉంది? స్టీగ్లిట్జ్ మబ్బుల ఫొటోల్లో చాలావాటికి నేల లేదు, దిగంతం లేదు. ఏది పై వైపో చెప్పే ఆధారమే లేదు. నైరూప్య ఫొటోకు ఏది పైన ఉండాలన్నది తీసినవారి ఎంపిక, కెమెరా పట్టుకున్న తీరును బట్టి దానంతట అది తేలిపోకూడదు. “తిప్పి చూశారా?” అనే ప్రశ్న నొప్పించదు, పైగా చాలాసార్లు “లేదే!” అనే జవాబు వస్తుంది.

ఇప్పుడు నైరూప్య ఫొటోల్లో తరచుగా కనిపించే జబ్బు గురించి. నా లెక్కలో ఎక్కువ ఫొటోలు చెడిపోయేది ఇక్కడే, మీటింగుల్లో ఎవరూ నోరు విప్పనిదీ దీని గురించే. ఫొటో అంతటా ఒకే రకం సరుకు ఉంటుంది: ఎండిన చెరువు పగుళ్లు, ఇటుకల వరస, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ దగ్గర పేర్చిన క్రేట్లు, నగరి మరమగ్గాల మీద పడుగు (నిలువు) దారాలు. మొదటి చూపుకు “అబ్బ!” అనిపిస్తుంది. రెండో చూపుకు చూడడానికి ఏమీ ఉండదు, ఎందుకంటే ఫొటోలో ఏ చోటుకూ మరో చోటుకూ తేడా లేదు. గోడకు అంటించే కాగితంలా ఎంత దూరమైనా సాగదీయవచ్చు, ఎక్కడైనా కత్తిరించవచ్చు. దీన్ని ఎలా చెప్పాలి? “బోరు కొట్టింది” అనకండి. ఒక ప్రశ్న అడగండి: “ఈ ఫొటోను ఒక అడుగు కుడికి జరిగి తీసి ఉంటే తేడా వచ్చేదా?” రాదంటే, ఫ్రేము ఎంచుకున్నందుకు కారణం ఇంకా దొరకలేదని ఆయనకే అర్థమవుతుంది. పడుగు దారాల్లో ఒకటి తెగి వేలాడుతున్న చోటు, పగుళ్లలో కాస్త తడి మిగిలిన చోటు, క్రేట్లలో ఒక్కటి రంగు మారిన చోటు. అలాంటిది ఒకటి ఉంటే మిగతా సమానత్వానికి అర్థం వస్తుంది. లేదా ఆ సమానత్వమే కావాలని తీసినవారు అనుకుంటే, దాన్ని పూర్తిగా చేయాలి: నాలుగు అంచులూ ఒకే విధంగా తెగాలి, వెలుగు ఒక పక్క ఎక్కువ ఒక పక్క తక్కువ ఉండకూడదు, గీతలు కొలతకు కొలతగా నిలువుగా ఉండాలి. సగం సగం చేస్తే రెండూ దక్కవు. ఈ రెండో దారిని కూడా చెప్పడం న్యాయం. మీ అభిరుచి మొదటిదైతే ఆ సంగతి ఒప్పుకుని మరీ చెప్పండి.

అంచుల గురించి ఒక్క మాట. అంచుకు ఆనుకుని ఉన్న వెలుగు మచ్చ కంటిని బయటికి తోసేస్తుంది. అంచుకు కొద్దిగా తాకీ తాకనట్టున్న గీత చూసేవారిని చిరాకు పెడుతుంది. తాకితే పూర్తిగా తాకాలి, లేకపోతే ఎడంగా ఉండాలి. నాలుగు మూలలూ ఒక్కొక్కటిగా చూసి చెప్పండి. ఈ ఒక్క పని చేసినా మీటింగులో మీ పేరు నిలుస్తుంది.

సాంకేతిక లోపాల విషయంలో జాగ్రత్త అవసరం. నైరూప్య ఫొటోలో ఫోకస్ లేకపోవడం తప్పు కాదు, ఊగడం తప్పు కాదు, గింజలు (ఫొటో అంతటా సన్నటి చుక్కల్లాంటి గరుకు) కనిపించడం తప్పు కాదు. అవి అరకొరగా ఉంటే మాత్రం తప్పే. వానలు పడ్డాక కపిలతీర్థం జలపాతాన్ని అర సెకను షట్టర్‌తో తీశారనుకోండి. నీరు పాలలా సాగింది. పక్కన రాయి కూడా కొద్దిగా, కనిపించీ కనిపించనట్టు ఊగింది. అప్పుడు చూసేవారికి ట్రైపాడ్ లేదన్న సంగతే కనిపిస్తుంది, నీటి నడక కనిపించదు. రాయి కత్తిలా నిలిచినా సరే, లేదా రాయి కూడా నీటితో పాటు పూర్తిగా కరిగిపోయినా సరే. “ఈ ఊగుడు ఇంకా ఎక్కువ ఉంటే ఏమయ్యేది?” అని అడగడం ఇక్కడ సరైన పద్ధతి.

తీసినవారికి తెలియకుండా జరిగే లోపాలు కొన్ని ఉంటాయి, అవి మాత్రం మొహమాటం లేకుండా చెప్పేయండి. కుంకుమ, బంతిపూలు, ఎర్ర పట్టు లాంటివి దగ్గరగా తీస్తే ఎరుపు ఒక్కటే పరిమితి దాటిపోయి ముద్దగా మారుతుంది. కెమెరాలో మొత్తం వెలుగు చూపించే గ్రాఫు, అంటే హిస్టోగ్రామ్‌లో అంతా బాగున్నట్టే ఉంటుంది, ఎరుపుది విడిగా చూస్తేనే తెలుస్తుంది. “ఆ ఎర్రటి చోట మడతలు పోయాయి, ఎక్స్‌పోజర్ తగ్గించి ఇంకోసారి తీయండి” అంటే చాలు. అలాగే తిరుచానూరు బ్రహ్మోత్సవాల్లో విద్యుత్ దీపాల అలంకరణ తీసినప్పుడు ఫొటోకు అడ్డంగా ముదురు పట్టీలు వస్తుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి నాసిరకం ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, వేగంగా తీస్తే ఆ మినుకు పట్టీలుగా పడుతుంది. షట్టర్‌ను సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో మారిస్తే చాలావరకు పోతుంది. ఆ పట్టీలను కొత్తవారు కళగా భావించి పెట్టుకుంటారు, అనుభవజ్ఞులు కళేమోనని ఊరుకుంటారు. అడగండి. కళే అయితే సంతోషం. ఇక ఫోనులోని యాప్‌తో పదును విపరీతంగా పెంచేసినప్పుడు గీతల చుట్టూ తెల్లటి అంచు వస్తుంది. తుప్పు, పెచ్చుల ఫొటోల్లో ఈ అతి బాగా కనిపిస్తుంది, నేనైతే దాన్ని క్షమించను.

“ఇది ఏమిటి?” అన్న ప్రశ్నకు వద్దాం. ఆ ప్రశ్నలో తప్పు లేదు, వేళ తప్పింది. మొదటే అడిగితే, ఫొటో తన పని తాను చేయలేదన్న అర్థం వస్తుంది, జవాబు దొరికాక గది అంతా చూడడం మానేస్తుంది. మీ చూపు గురించి చెప్పడం అయ్యాక అడిగితే అదే ప్రశ్న ఆసక్తిగా వినిపిస్తుంది. జవాబు విన్నాక ఇంకో సంగతి గమనించండి: తెలిశాక కూడా ఫొటోను చూడాలనిపిస్తోందా? శ్రీకాళహస్తి కలంకారీ పనివారి దగ్గర ఇనుప తుక్కు, బెల్లం కలిపి పులియబెట్టిన కుండలోని ద్రావణాన్ని తీసినది ఒకటి వచ్చిందనుకోండి. నలుపు మీద తేలే బుడగలు, అంచున పసుపు నురగ, రాత్రి ఆకాశంలా ఉంటుంది. కుండ అని తెలిశాక “ఓహో, అంతేనా” అనిపిస్తే, ఆ ఫొటో మనల్ని బోల్తా కొట్టించడం మీదే ఆధారపడింది. అదే ద్రావణం కరక్కాయలో నానిన బట్టను తాకగానే నల్లబడుతుందని తెలిసి, ఆ నలుపు కోసం మళ్లీ చూడాలనిపిస్తే ఫొటోలో సత్తువ ఉంది. ఘాట్ రోడ్డు రాతి ఫొటోకూ ఇంతే. అక్కడ కింది పాత శిలకూ దాని మీది క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన రాయి) పొరలకూ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఎడం ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ మాట వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది, నిజమే. కానీ ఆ గగుర్పాటు సమాచారం ఇచ్చింది. ఫొటోలో ఆ రెండు శిలల మధ్య గీత కింది మూలలో ఇరుక్కుని ఉంటే, 80 కోట్ల ఏళ్లు కూడా దాన్ని కాపాడలేవు. సమాచారం ఇచ్చినదాన్నీ ఫొటో ఇచ్చినదాన్నీ విడదీసి చెప్పండి.

శీర్షిక కూడా ఇక్కడికే వస్తుంది. “అనంతం”, “శూన్యం”, “అంతర్మథనం” అని పేర్లు పెట్టుకొస్తారు. ఎంత పెద్ద మాట పెడితే ఫొటో అంత చిన్నదవుతుంది. పెయింటు పెచ్చులు, చిరిగిన పోస్టర్లతో ఏళ్ల తరబడి పనిచేసిన అమెరికా ఫొటోగ్రాఫర్ ఆరన్ సిస్కైండ్ ఎక్కువగా ఊరి పేరు, ఒక అంకె, సంవత్సరంతో సరిపెట్టుకున్నారు. మీ మిత్రులకూ అదే సూచించండి. “రేణిగుంట, 3” అంటే చాలు, చూసేవారికి దారి మూసుకుపోదు.

మీటింగు నడిపే క్రమం గురించి ఒక పద్ధతి ఉంది. అమెరికా నృత్య దర్శకురాలు లిజ్ లర్మన్ 1990లో రూపొందించారు, నాట్యం దాటి ఇతర కళల వారూ వాడుతున్నారు. ముందు చూసినవారు తమకు ఏది పట్టిందో చెబుతారు. తర్వాత కళాకారుడే చూసినవారిని ప్రశ్నలు అడుగుతాడు. ఆ తర్వాత చూసినవారు తీర్పు కలవని ప్రశ్నలు అడుగుతారు. చివరగా, అనుమతి అడిగి మరీ అభిప్రాయం చెబుతారు. నాలుగో మెట్టులో ఒక్కొక్కరూ అనుమతి అడగడం మన మధ్య కాస్త నాటకీయంగా ఉంటుంది. రెండో మెట్టు మాత్రం అమూల్యం. “ఆ నల్ల గుంట మీకు కనిపించిందా?” అని తీసినవారే అడిగితే, మీరు నిజాయితీగా “కనిపించలేదు” అనవచ్చు, అందులో దాడి లేదు, ఆయన కోరుకున్న సమాచారమే ఉంది. తీసినవారు మొదట వివరణ ఇవ్వకుండా ఆపడం మాత్రం నిర్వాహకుల బాధ్యత. రెండు నిమిషాలు ఉపోద్ఘాతం చెప్పాక చూపించే ఫొటో మీద ఎవరి అభిప్రాయమూ నమ్మదగ్గది కాదు.

మీ మాస్టారి సంగతి. పెద్దవారి ఫొటో వచ్చినప్పుడు గది మొత్తం పొగడ్తల్లోకి జారుకుంటుంది, ఆయనకు అందరికన్నా తక్కువ సాయం అందుతుంది. మీరు తప్పు పట్టనక్కర్లేదు. “మాస్టారూ, నా కన్ను ఇక్కడ ఆగిపోయింది, అటు వెళ్లలేకపోయాను. అటువైపు మీరు నన్ను ఎందుకు పిలుస్తున్నారో చెబుతారా?” అనండి. నేర్చుకునేవారు అడిగే ప్రశ్నే, నిజంగానే అది ప్రశ్న. కొత్తగా మొదలుపెట్టిన పిల్లలతో మాత్రం ఇంకో రకం జాగ్రత్త కావాలి. లోపాలు ఏడు కనిపించినా ఒక్కటే చెప్పండి, అదీ మళ్లీ వెళ్లి తీసి సరిచేయగలిగినది. మిగతా ఆరు వచ్చే నెలకూ ఉంటాయి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. అనుభవం ఉన్నవారికి తరచుగా పట్టే దురలవాటు ఏమిటంటే, ఎదుటివారి ఫొటోను తమ ఫొటోగా మార్చడం. “నేనైతే బ్లాక్ అండ్ వైట్ చేసేవాణ్ని”, “నేనైతే ఇంకా దగ్గరికి వెళ్లేవాణ్ని” అని మొదలుపెడతారు. మీరైతే సరే, తీసింది మీరు కాదు కదా! రంగు పనిచేస్తోందా లేదా అన్న సందేహం ఉంటే, ఫోనులో ఒకసారి రంగు తీసేసి పక్కపక్కన పెట్టి చూపించండి. రంగు పోయాక ఏదీ కోల్పోలేదనిపిస్తే ఆయనే తేల్చుకుంటారు.

ఏమీ లేని ఫొటోలు కూడా వస్తాయి. కెమెరా ఊపి తీసిన రంగుల చారికలు, నైరూప్యం అంటే అంతేనని నమ్మినవి. అప్పుడు అబద్ధం చెప్పకండి. “దీనితో నాకు పరిచయం కుదరలేదు. నా కన్ను ఎక్కడా ఆగలేదు. ఇదే వరసలో మిగతావి ఉంటే చూపిస్తారా?” అనండి. ఆ చివరి మాట మర్యాద కోసం చెప్పమనడం లేదు. నైరూప్య ఫొటోలు ఒంటరిగా మూగగా ఉండి, నాలుగైదు పక్కపక్కన పెడితే మాట్లాడడం నిజంగా జరుగుతుంది. స్టీగ్లిట్జ్ మబ్బుల్లో 1922 నాటివి పది ఫొటోల వరసగానే పుట్టాయి. అలాంటి వరస వస్తే ఒక్కొక్కదాని లోపాలు వదిలేసి, ఏ రెండు పక్కపక్కన ఉండాలి, ఏది తీసేస్తే మిగతావి బలపడతాయి అని మాట్లాడండి. తీసినవారు తమంతట తాము చేసుకోలేని పని అది, ఎందుకంటే ప్రతి ఫొటో వెనుకా పడిన కష్టం వారికి అడ్డం వస్తుంది. మిగతావి కూడా అలాంటివే అయితే? “నాకు అందలేదు” అని ఊరుకోండి. “మీకు అర్థం కాలేదు” అని ఆయన అంటే వాదించకండి. అది కూడా నిజమే అయి ఉండవచ్చు, ఏమైనా మీరు చూసింది మీరు చెప్పారు.

చివరిగా ఫోను. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది. సన్నటి గీతలు, గింజలు, ముదురు నీడల్లోని తేడాలు ముందు దెబ్బతింటాయి. నైరూప్య ఫొటోకు ఆస్తి అంతా అవే. డాక్యుమెంటుగా పంపమని ముందే చెప్పండి. స్క్రీను వెలుగు మధ్యస్థంగా పెట్టుకోండి, రాత్రిళ్లు తెరను పసుపు చేసే సెట్టింగు ఆపేయండి. ఫోనులో చూసి కన్ను నడక గురించి, అంచుల గురించి, పెద్ద ఆకారాల గురించి చెప్పవచ్చు. పదును, రంగు, నీడల లోతు గురించి మాత్రం మీటింగులో ప్రింటు చూశాకే మాట్లాడతానని ముందే రాసి పంపండి. ప్రింటు తెచ్చే అలవాటు లేకపోతే ఈ నెల నుంచే మొదలుపెట్టించండి. అప్పుడు ఆ ఎల్ అట్ట ముక్కలకు కూడా పని దొరుకుతుంది.